పిల్లికి క్రమశిక్షణ

3 ఫిబ్రవరి 1946, ఆదివారం. చిత్తూరు.

సోఫా వచ్చింది. ఫారెస్టు దొర ఇంగ్లండుకు పోతూ సామాన్లు వేలం వేస్తే ఊళ్లో పెద్దమనుషులంతా గ్రామఫోను చుట్టూ మూగారు. మూర్ఖులు. నేను సోఫా పాడుకున్నాను. ద్రాక్షపండు రంగు వెల్వెట్టు, సింహం కాళ్లు. బండివాడు దాన్ని గడ్డిమోపులాగా దొర్లించబోతే నాలుగు తిట్టాను. ఇంట్లో సోఫా ఉంటే మనిషికి ఒక స్థాయి వస్తుంది. ఈత చాపల మీద పొర్లే ఈ వీధి జనానికి ఆ సంగతి చెప్పినా తలకెక్కదు.

మా హెడ్మాస్టరు ఏప్రిల్లో రిటైరవుతున్నాడు. ఆ కుర్చీకి అర్హత ఉన్నవాళ్లం స్కూలు మొత్తానికి ఇద్దరం. నేను, ఏకాంబరం, బి.ఎ., ఎల్.టి. రెండోవాడు లెక్కల జయరావు. జయరావు పిల్లలతో కలిసి నవ్వుతాడు. అదీ క్లాసులో! స్కూలు కమిటీ ప్రెసిడెంటు దేవరాజులు నాయుడు గారు ఇరవై నాలుగో తేదీ మా ఇంటికి టిఫినుకు వస్తానన్నారు. సోఫా అందుకే.

జ్ఞానాంబ సోఫా చుట్టూ ఒకసారి తిరిగి, దుమ్ము పడకుండా పాత చీర కప్పుదామంది. వెల్వెట్టు మీద పాత చీర! కాపురానికి వచ్చి ఆరేళ్లయినా నా భార్య బుర్ర ఇంకా పుట్టిల్లు పుత్తూరులోనే ఉంది.

4 ఫిబ్రవరి

పిల్లి సోఫా చేతిని గీరింది. దారాలు బయటికి వచ్చాయి.

5 ఫిబ్రవరి

ఈ పిల్లి గురించి రాయడమంటే సిరా దండగ. తెలుపూ నలుపూ, ఏ జాతీ కాదు. రెండేళ్ల కింద వానలో కట్టెల కొట్టంలో దొరికితే జ్ఞానాంబ తెచ్చి పెట్టుకుంది. కుట్టి అని పేరు కూడా పెట్టింది. పిల్లలు లేని ఇల్లు కదా, ఆడదానికి ఏదో ఒక కాలక్షేపం ఉండాలని ఊరుకున్నాను.

ఉదయం నా తీర్పు చెప్పాను. ఆ జంతువు గోళ్లు తీయాలి, లేదంటే గోనెలో కట్టి బెల్లం బండిలో నాయుడుపేటకు పంపేయాలి. జ్ఞానాంబ, గోళ్లే కదా, నేను తీస్తాలెండి, మీరు దాని జోలికి పోవద్దండి, అంది. ఆడవాళ్లకు మెథడ్ ఉండదు. నేనే తీస్తానన్నాను.

అప్పుడు ఎన్నడూ లేనిది నా మొహంలోకి చూసి ఒక మాట అంది. దాన్ని గోనెలో కడితే ఆ పొద్దే నేనూ పుత్తూరు బస్సెక్కతా, మళ్లా రానండి, అని. నవ్వొచ్చింది. బస్సు ఎక్కడ ఆగుతుందో కూడా తెలియని మనిషి.

6 ఫిబ్రవరి, సాయంత్రం

మెడ వెనక తోలు పట్టుకుంటే పిల్లి చచ్చినట్టు లొంగుతుందని మా డ్రిల్ మాస్టరు చెప్పాడు. తల్లి పిల్లి కూనల్ని అలాగే మోస్తుందట. ఆ మనిషికి డ్రిల్లే సరిగ్గా రాదు, పిల్లుల సంగతి అతన్ని అడగడమేమిటి?

పట్టుకున్నాను. ఒక క్షణం వేలాడింది. తర్వాత చెవులు తలకు అంటించుకుని, తోక అటూ ఇటూ కొట్టుకుంటూ, నాగుపాములా బుస్సుమంది. వెనక కాళ్లతో నా ముంజేతిని దున్నింది. చొక్కా చేయి చిరిగింది. మీసాల కత్తెరతో గబగబా ఒక గోరు మాత్రం కత్తిరించగలిగాను. చూస్తే అది నాదే.

జ్ఞానాంబ పసుపు రాసింది. ఏమీ అనకుండా పసుపు రాయడంలో కూడా ఒక పొగరు ఉంటుంది.

9 ఫిబ్రవరి, శనివారం

స్కూలు బంట్రోతు చెంగయ్యను పిలిపించాను. ఒకరు పట్టుకోవాలి, ఒకరు కత్తిరించాలి. శ్రమ విభజన. చెంగయ్య వెనక కాళ్లు పట్టాడు, నేను ముందు కాళ్లు పట్టాను. అప్పుడు కత్తెర పట్టడానికి చెయ్యి లేదని తెలిసింది. ఈ సంగతి ముందే చూసుకోనందుకు చెంగయ్యను తిట్టాను.

పిల్లి పెట్టిన గోలకు వీధి వీధంతా మా కిటికీ దగ్గర చేరింది. పని లేని జనం. ఎదురింటి తిరుమలమ్మ, పాపం, ఏం జేస్తాండారు సామీ దాన్ని, అని అరిచింది. ఆమె మొగుడు తాగొచ్చి ఆమెను ఏం చేస్తున్నాడో ముందు అది చూసుకోమనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది, నా హోదా తలుచుకుని మింగాను.

చెంగయ్య వదిలేశాడు. గంట కొట్టమంటే కొడతా, పులిని పట్టమంటే యాడ పట్టేది సామీ, అని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. పిరికి సన్నాసి.

10 ఫిబ్రవరి, ఉదయం 11 గంటలు

జయం!

మెథడ్ కుదిరింది. కంబళిలో బిగించి చుట్టాను. ఒక్కో కాలే బయటికి. మొదట ఒక్క అరుపు అరిచింది, అంతే. ఆ తర్వాత కదల్లేదు. కళ్లు పెద్దవి చేసి, రంగంతా పోయి నల్లటి గుడ్లే మిగిలి, గోడ వైపు చూస్తూ పడి ఉంది. ముందు కాళ్ల గోళ్లన్నీ తీశాను. ఒకటి లోతుగా తెగి నెత్తురు వచ్చింది. అప్పుడు కూడా కిక్కురుమనలేదు. దీన్నే డిసిప్లిన్ అంటారు. గట్టిగా పట్టుకునేవాడు ఉండాలే గానీ పిల్లయినా, పిల్లవాడయినా దారికి రావలసిందే.

కంబళి తడిపింది. అది చిన్న విషయం.

జ్ఞానాంబ తలుపు దగ్గర నిలబడి, అది బుద్ధి కాదండీ, బయంతో బిగుసుకపోయుండాది, చెవులు సూడండి, అంది. పిల్లి చెవులు చదివే విద్య పుత్తూరులో నేర్పుతారు కాబోలు.

13 ఫిబ్రవరి

పిల్లి అటక దిగడం లేదు. నా చెప్పుల చప్పుడు వింటే అటక మీద కూడా వెనక్కి పోతుంది. నేను ఇంట్లో ఉన్నంతసేపు తిండి ముట్టదు. మంచిదే, సోఫా క్షేమం.

ఇల్లు ప్రశాంతంగా ఉంది. జ్ఞానాంబ మాట్లాడడం తగ్గించింది. వడ్డించినాను, సరే, అట్లే. రోజుకు ఈ మూడు మాటలతో సరిపోతోంది. ఇంతకు ముందు వంట చేస్తూ ఏదో కూనిరాగం తీసేది, అదీ ఆపింది. నా థర్డ్ ఫారం క్లాసు కూడా ఇవాళ ఇలాగే నిశ్శబ్దంగా ఉంది. పక్కన జయరావు క్లాసులో సంత. ఇల్లూ స్కూలూ నేను ఒక దారికి తెచ్చాను.

18 ఫిబ్రవరి

తలనొప్పితో మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. చెప్పులు బయటే విప్పాను కాబట్టి ఎవరూ వినలేదు.

పెరట్లో రోటి పక్కన జ్ఞానాంబ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్లో పిల్లి. నిద్రపోతోంది, నోరు కూడా కాస్త తెరిచి. ఆమె దాని వెనక కాలి వేలు మెత్తగా నొక్కింది. గోరు బయటికి వచ్చింది. నా మీసాల కత్తెరతో చివర తెల్లటిది మాత్రం తీసింది. పిల్లి ఒక కన్ను తెరిచి, ఆమెను చూసి, మళ్లీ మూసింది. ఆమె కత్తెర పక్కన పెట్టేసింది. అంతే. ఒక్క గోరు!

ఏమిటిది అని గద్దించాను. పిల్లి గోడ దూకింది. జ్ఞానాంబ తొణకలేదు. కూనగా ఉండేటప్పటి నుంచి తీస్తానే ఉండానండి, సోఫా వచ్చిన వారం నాకు కుదర్లా, అంతలోకే మీరు దిగినారు, అంది. అంటే రెండేళ్లుగా నా కత్తెరతో!

ఒక మధ్యాహ్నానికి ఒక గోరు. ఈ లెక్కన పనులు చేస్తే దేశం ఎప్పుడు బాగుపడేది? పైగా నాకు చేతకానిది తనకు చేతనవుతుందని ఆ మొహం. నాకు చేతకాకపోవడం కాదు. నాకు పనులున్నాయి.

21 ఫిబ్రవరి

గొప్ప ఆలోచన వచ్చింది. నాయుడు గారి ఎదుట పిల్లిని ఒళ్లో పెట్టుకుని చూపిస్తాను. ‘సార్, ఇది మొన్నటిదాకా పులి. ఇప్పుడు చూడండి.’ నా బోధనా పద్ధతికి దీన్ని మించిన రుజువు ఏముంటుంది? జయరావు దగ్గర ఏముంది, నవ్వు తప్ప?

జ్ఞానాంబకు చెప్పాను. కొత్త మొగాల ముందర వద్దండి, అది తట్టుకోలేదు, అంది. రేషను చక్కెర అంతా కేసరికి వాడమని చెప్పి పంపాను.

24 ఫిబ్రవరి, ఆదివారం, ఉదయం 9

అంతా సిద్ధం. సోఫా తుడిపించాను.

26 ఫిబ్రవరి. పుత్తూరు.

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి గెలికినట్టు ఉంది. ఈ దస్తూరీ థర్డ్ ఫారం వాడు రాస్తే బెంచీ ఎక్కిస్తాను.

నాయుడు గారు వెంట జయరావును కూడా తెచ్చారు. పిలవని పేరంటం. కేసరి రెండుసార్లు వడ్డించుకున్నాడు. పిల్లిని తెమ్మంటే జ్ఞానాంబ తేనంది. అతిథులకు వినపడేలా అంది. నేనే అటకెక్కి తెచ్చాను. ఒళ్లో వెల్లకిలా పెట్టాను. కదల్లేదు. చూశారా సార్, చలనం లేదు, అన్నాను. నాయుడు గారు మెచ్చుకోలుగా ముందుకు వంగి, ఉంగరం వేలితో దాని పొట్ట మీద పొడిచారు.

ఏం జరిగిందో వరసగా చెప్పలేను. నా బొటనవేలిలో పళ్లు దిగాయి. నాయుడు గారి తలపాగా మీద నుంచి అది కిటికీకి ఎగిరింది. నేను లేవబోయాను. సోఫా సింహం కాలు తగిలింది. కుడి చేతి మీద పడ్డాను. చప్పుడు నాకే వినిపించింది.

లేపింది జయరావు. ఈసారి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

నాయుడు గారు తలపాగా సర్దుకుంటూ, పుత్తూరుకు పిల్చుకోని పోండప్పా, ఎముకకు ఇంగ యాడికీ పోవద్దు, అన్నారు. మరునాడు తెల్లారి బొగ్గుతో నడిచే బస్సు. తిరుపతిలో మారాం. టికెట్లు జ్ఞానాంబే తీసింది. ప్రతి గుంతకూ ప్రాణం పోయింది. ఆమె ఒళ్లో గుడ్డ కప్పిన బుట్ట. బట్టలనుకున్నాను. వడమాలపేట దగ్గర బుట్ట మ్యావ్ అంది.

కట్టు కట్టే ఇంట్లో మనుషులకు మర్యాద తెలియదు. పేరు అడగరు, చదువు అడగరు. ఒకడు భుజం పట్టాడు, ఒకడు మోచెయ్యి, ఒకడు మోకాళ్ల మీద కూర్చున్నాడు. జ్ఞానాంబ పైట చెంగు నా కళ్ల మీద కప్పింది. కట్టు కట్టే పెద్దాయన చేతిని లాగాడు. అరవాలనుకున్నాను, గొంతు రాలేదు. కాలు కదపాలనుకున్నాను, అదీ రాలేదు.

పచ్చాకు ముద్ద వేసి, వెదురు బద్దలు పెట్టి కట్టాక పెద్దాయన, బలే ఓర్పు సామీ నీది, కదలనే లేదే, అన్నాడు. మూర్ఖుడు. అది ఓర్పు కాదు.

పంచె తడిసింది. ఎవరూ చూడలేదు. జ్ఞానాంబ చూసింది.

28 ఫిబ్రవరి

బయల్దేరమన్నాను. మీరు పోండి, నేను రానండి, అంది. గోనెలో కడితే కదా రానన్నావు, నేను కట్టలేదు కదా, అన్నాను. గోనె అయితేనేమి, కంబళి అయితేనేమి, అంది.

మా అత్త మునిరత్నమ్మ మజ్జిగ ఇచ్చి పక్కకు చూసింది. కూతురికి బుద్ధి చెప్పలేని మనిషి. ఎన్నాళ్లుంటుంది? వారం. ఎక్కువంటే రెండు.

6 మార్చి. చిత్తూరు.

హెడ్మాస్టరుగా జయరావు. చెంగయ్య చెప్పాడు. ఇంకేం, స్కూలు సర్కసు అవుతుంది.

సోఫా మీద కూర్చున్నాను. గట్టిగా ఉంది. దొరలు దీని మీద ఎలా కూర్చున్నారో.

12 మార్చి

హోటలు కూడు చెంగయ్య తెస్తున్నాడు. రసంలో నీళ్లు తప్ప ఏమీ లేవు.

ఎడమ చేతి గోళ్లు పెరిగాయి. కుడి చేత్తో కత్తెర పట్టలేను. అన్నం ఇరుక్కుంటోంది, అసహ్యం. నేను తీస్తా ఇయ్యండి సామీ అంటూ చెంగయ్య కత్తెర పట్టుకుని దగ్గరికి వచ్చాడు. అరిచాను. ఎందుకు అంత గట్టిగా అరిచానో తెలియదు. ఎదురింటి తిరుమలమ్మ బయటికి వచ్చి చూసింది.

జ్ఞానాంబ దగ్గర నుంచి కబురు లేదు. నేనూ పంపలేదు.

17 మార్చి, ఆదివారం. పుత్తూరు.

కట్టు మార్చారు. అక్కడి నుంచి అత్తగారింటికి నడిచాను. రమ్మని చెప్పడానికే వెళ్లాను. పిల్లి నన్ను చూసి గోడెక్కింది.

చెప్పలేదు. ఎడమ చెయ్యి చాపాను. జ్ఞానాంబ గోళ్లు చూసి కత్తెర తెచ్చింది. వేలు పట్టుకోగానే లాక్కున్నాను. ఆమె వదిలేసింది. పక్కనే కూర్చుంది.

చాలాసేపటికి మళ్లీ నేనే చాపాను.