మూలన వేసిన అతుకు

మంగళవారం, రాత్రి

నానక్‌రామ్‌గూడ ఆఫీసు లాబీలోంచి పోయిన నా నకాషీ పటం దొరికిందని పొద్దున ఫోన్ వస్తే స్టేషన్‌కు వెళ్లాను. గుడ్డ మీద వేసిన బొమ్మలు, నావే.

"మంచిగ చూస్కో, ఏమన్న ఖరాబ్ చేసిన్రా?" అన్నాడు ఎస్సై.

ఒక మూల చిరిగితే వెనక నుంచి ఎవరో గుడ్డముక్క అతికించారు. గోరుతో గీకి చూశాను. కొన్న గమ్ము కాదు, చింతగింజల జిగురు. మా పద్ధతిలో ఉడికించింది. ఆ పద్ధతి నాకూ, నేను నేర్పిన తమ్ముడికీ తప్ప ఎవరికీ తెలియదు. ఒళ్లు మండిపోయింది.

"ఏం కాలే సార్, గట్లనే ఉంది" అని సంతకం పెట్టాను.

ఎందుకు పెట్టానో...

ఫోన్ వచ్చినప్పుడు తమ్ముడు నా పక్కనే ఉన్నాడు. రాత్రి ఇద్దరం కలిసే అన్నం తిన్నాం. పటం ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు.