కడుపు నింపి వదిలిన పావురం

శుక్రవారం, కార్తీక మాసం, 1944

మీకు జైనాబ్ అనేక సలాములు చేసి రాసుకునేది. ఇక్కడ అందరం అల్లా దయవల్ల తిని తిరుగుతున్నాం. మీరు ఉన్నచోట ఒంటికీ కంటికీ ఏ బాధా లేకుండా ఉన్నారని తెలిస్తే నాకు అంతకంటే అక్కర్లేదు.

ఈసారి ఉత్తరం పైన ఊరి పేరు రాయలేదు. మరిచిపోయి కాదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. ఆ మాట ముందే రాస్తే మిగతాది రాయడానికి చెయ్యి ఆడదు.

మీ దగ్గర నుంచి ఉత్తరం వచ్చి అయిదు నెలలు కావస్తోంది. ఎండాకాలం చివర వచ్చిందే ఆఖరు. అందులో సగం పంక్తుల మీద మిలట్రీవాళ్ళు నల్లసిరా పూసి పంపారు. మీరు లారీ ఏ కొండల్లో తోలుతున్నారో నాకు తెలియకుండా చెరిపేశారు గాని, పావురాల సంగతి ఒక్క అక్షరం ముట్టుకోలేదు. నాకు కావలసింది వదిలేసి నాకు అర్థం కానిదే చెరిపారని సరిపెట్టుకున్నాను. కొత్త ఉత్తరం లేదు కనుక ఆ పాతదానికే మళ్ళీ జవాబు రాస్తున్నాను. ఇదివరకు రాసినవి మీకు అందాయో లేదో. అందినా అందకపోయినా, మీరు అడిగినదానికి బదులు చెబుతూ కూర్చుంటే ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టుంటుంది.

అమ్మ దగ్గు ఎట్లా ఉందని అడిగారు. తగ్గిందని విన్నాను. "విన్నానంటావేంది, పక్కనే ఉండి!" అని అప్పుడే కోప్పడకండి. కిరసనాయిలు దొరుకుతోందా అన్నారు. దొరికేది వత్తి తడవడానికి చాలదు. అందుకే పట్టపగలు వాకిట్లో చాప వేసుకుని రాస్తున్నాను. వచ్చేపోయేవాళ్ళు వంగి చూసి నవ్వుతున్నారు. నవ్వనీ.

ఇక మీకు అన్నిటికన్నా కావలసిన ప్రశ్న. గీరల పావురాలు మళ్ళీ పిల్లల్ని చేశాయా, అవి ఎగురుతున్నాయా, నడికుడిలో వదిలితే గురజాల ఇంటికి ఎంతసేపట్లో చేరుతున్నాయి, అని. ఎగురుతున్నాయండీ. మూడు పిల్లలు, మూడూ బతికాయి. ఒకటి నల్లది, ఒకటి తెల్లరెక్కలది, ఒకటి బూడిదరంగుది. మీరు చెప్పినట్టే రెక్కల్లో బలం చేరకముందే వెదురు జల్లలో పెట్టి మిద్దె ఎక్కించాను. నాలుగు దిక్కులూ చూసుకోనిచ్చాను. చేత్తో పైకి విసరలేదు. తలుపు తీసి, వాటంతట అవి నడిచి బయటికి వచ్చేదాకా కూర్చున్నాను. మేతకు ముందు మాత్రమే వదిలాను. జొన్నల డబ్బా ఆడిస్తే చాలు, ఆకాశంలో ఎక్కడున్నా రెక్కలు ముడుచుకుని దిగుతున్నాయి. మీలాగా ఈల వేయడం నాకు రాలేదు. పెదాలు పగిలిందాకా ప్రయత్నించి మానుకున్నాను. తర్వాత నాపరాళ్ళ గని దాకా తీసుకెళ్ళి వదిలాను, ఆ తర్వాత నాగులేటి ఒడ్డు నుంచి. నేను రొప్పుతూ ఇంటికొచ్చేసరికి అవి మిద్దె మీద కూర్చుని, ఎక్కడికి పోయావన్నట్టు చూసేవి.

నాగులేటి ఒడ్డు అనగానే మీకు అనుమానం వచ్చి ఉంటుంది. గురజాల మిద్దె మీది పావురాలను మోసుకుని ఆ ఏటిదాకా ఎవరు నడుస్తారని.

ఇక దాచను. నేను గురజాలలో లేను. నడికుడిలో మా తమ్ముడు నాగూరు ఇంట్లో ఉన్నాను. శ్రావణం చివరి నుంచీ ఇక్కడే. అప్పటినుంచి రాసిన ఉత్తరాల మీద గురజాల అని రాసింది అబద్ధం.

శ్రావణంలో దాచేపల్లి మనిషి ఒకడు మిలట్రీ ఆసుపత్రి నుంచి కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. మీ అన్నగారు సంగతి తెలిసి, ఏకుతున్న దూది అట్లాగే వదిలేసి వెళ్ళి, అతన్ని మన ఇంటికి పిలుచుకొచ్చారు. "వానలకి కొండ ఇరిగిపడ్డది. మీవోడి లారీ లోయలోకి పోయింది" అన్నాడు అతను. "కళ్ళారా చూశావా?" అని మీ అన్నగారు అడిగారు. "లారీని చూశా" అన్నాడు. మనిషిని చూశావా అని ఎవరూ అడగలేదు. మీ అన్నగారు గుంటూరు దాకా పోయి మిలట్రీ ఆఫీసులో విచారిస్తే, మాకు కాగితమేమీ రాలేదని చెప్పి పంపించారు. ఎదురుచూశాం. ఉత్తరమూ రాలేదు, కాగితమూ రాలేదు.

అప్పుడు మీ అమ్మగారు, పోయినవాళ్ళకు చదివించినట్టు, మీ పేరున ఫాతిహా చదివించారు. ఆమెను తప్పుపట్టకండి. "కాగితం వచ్చిందాకా నా బిడ్డని దువా లేకుండా ఆ కొండల్లో పడేయమంటారా?" అని గుండెలు బాదుకున్నారు. చదివించడం అయిపోయాక నా దగ్గరికి వచ్చి, "పూసలు తియ్యవే జైనబూ. ఆడికి శాంతి ఉండాల" అన్నారు.

నేను నల్లపూసలు గుప్పిట్లో పట్టుకున్నాను. "కాగితం రానియ్యండి అత్తమ్మా, అప్పుడు తీస్తా" అన్నాను.

"నీకు పూసలెక్కువా, నా బిడ్డ ఎక్కువా?" అన్నారు ఆమె.

మీ పావురాలను, ఇంకా కళ్ళు సరిగా తెరవని ఆ పిల్లలను గంపలో పెట్టుకుని సాయంత్రం బండికి ఇక్కడికి వచ్చేశాను. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ ఆపలేదు.

పిల్లలు తమంతట తాము మేత తినేదాకా పెద్దవాటిని గూట్లోనే మూసి ఉంచాను. మరుగుతాయిలే అనుకున్నాను. తలుపు తీసిన పూటే ఒక్క చుట్టు తిరిగి గురజాల దారి పట్టాయి. ఎంత ఏడ్చానో. వాటికి నా మీద కోపం కాదు, ఆ గూడు తప్ప ఇంకో ఇల్లు తెలియదు. పిల్లలకేమో ఈ మిద్దె తప్ప ఇంకోటి తెలియదు. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు తలకిందులైంది. నాగూరు స్టేషన్లో కలాసీ కదా, డ్యూటీ లేని రోజు వీటిని బండిలో గురజాల తీసుకెళ్ళి వదులుతాడు. అవి నడికుడికి వస్తాయి.

కిందటి వారం ఒక తప్పు చేశాను. ముసురు పట్టి చలిగా ఉంది. బూడిదది ముడుచుకుని కూర్చుంటే జాలేసి, గంపలో పెట్టేముందు కడుపునిండా జొన్నలు పెట్టాను. నల్లదీ తెల్లరెక్కలదీ నేను రొట్టె కాల్చి దించేలోగా వచ్చి వాలాయి. బూడిదది రాలేదు. ఆ రోజంతా డబ్బా ఆడిస్తూ మిద్దె మీదే ఉన్నాను. పైన డేగ తిరుగుతుంటే దాన్ని తిట్టాను. ఒక్క పక్షి కోసం ఇంత ఏడుపేమిటని మరదలు అడిగింది. పక్షి కోసం కాదని ఆమెకూ తెలుసు.

మర్నాడు నాగూరు గురజాల వెళ్ళి వెతుకుతుంటే, మన మిద్దె మీదే, మీ పాత పావురాల మధ్య కనపడిందట. ఆకలి లేదు, తొందర లేదు, గుంపు కనపడితే వాటితో దిగింది. మీ అమ్మగారు అప్పటికే దాన్ని పట్టి ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు.

"ఒరే నాగూరూ, ఇది మా గూట్లో ఎగిరింది కాదురా. దీని కాలికి మా కోడలి కోక దారం ఉంది. కడుపు నింపి వదిలిందా ఏంది? అట్టా వదలకూడదని మావాడు చానాసార్లు చెప్పాడే దానికి!"

అప్పటికి పొద్దు గూకుతోంది. మీ వదిన పెద్దక్క మిద్దె ఎక్కి, పావురాలన్నీ లోపలికి చేరాయని చూసుకుని, గూటి తలుపు వేయబోయింది. మీ అమ్మగారు కింది నుంచి ఒక్క కేక వేశారట.

"ఏమే, తలుపెయ్యమాక!"

"అన్నీ వచ్చినయ్ గదా అత్తమ్మా?"

"నాకు తెలుసులే. ఎయ్యమాక."

రోజూ ఇదే తంతు అని పెద్దక్క తర్వాత నాగూరుతో చెప్పింది. పిల్లి దూరుతుందని ఎంత చెప్పినా వినకుండా, కర్ర పట్టుకుని ఆమే కాపలా కూర్చుంటున్నారట. నాగూరు వచ్చేటప్పుడు మీ అమ్మగారు బూడిదదాన్ని వాడి చేతికిచ్చి, "మీ అక్కని రమ్మను. పూసల మాట నేనింక ఎత్తను" అన్నారట.

ఈ సంగతి విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఫాతిహా చదివించిన మనిషికి మీ మీద ఆశ చచ్చిపోయిందనుకున్నాను. మీ కోసం ఎదురుచూసేది నేనొక్కదాన్నే అని గర్వపడ్డాను కూడా. నిజం చెబుతున్నాను, మీరు ఉన్నారని నాకూ ఎవరూ చెప్పలేదు. కాగితం రాలేదన్న ఒక్క మాట పట్టుకుని బతుకుతున్నాను. కొన్ని పూటలు ఆ పట్టు కూడా జారిపోతుంది.

రేపు పొద్దున బండికి గురజాల వెళ్తున్నాను. పిల్లలను తీసుకెళ్ళడం లేదు. తీసుకెళ్ళినా ఉండవు, వదిలిన పూటే తిరిగి ఇక్కడికే వస్తాయి. మరదలికి డబ్బా ఆడించడం నేర్పాను. మీకు సెలవు దొరికితే నడికుడిలో దిగకండి, గురజాల దాకా రండి. పగలైనా రాత్రయినా మేమిద్దరం మేలుకునే ఉంటాం. ఒకరు మీరు లేరనుకుని, ఒకరు ఉన్నారనుకుని, ఒకే తలుపు తీసి పెట్టుకుని కూర్చుంటాం.

ఇట్లు,
మీ అమ్మగారి చిన్నకోడలు
జైనాబ్