చెంబు పరీక్ష

నాయనా,

ఇవాళ నీ సంవత్సరీకం. ఆ క్రతువు ముగించుకుని గుడియాత్తంలో మన లేతు షెడ్డు తెరిచేసరికి, వేలూరు తోళ్ళ ఫ్యాక్టరీ కొనుగోలు ఆఫీసరు వచ్చి నిలబడి ఉన్నాడు. పంపు షాఫ్టు చుట్టూ తొడగడానికి మనం చేసిచ్చిన నైలాన్ కడియాలు, ఆ బుష్షులు, షాఫ్టును తిరగనీకుండా పట్టేశాయట.

"మీ కొలత తప్పమ్మా. మీ నాయన ఉన్నప్పుడు ఇట్లా అయినాదా?"

కొలత తప్పలేదు. నైలాన్ నీళ్ళు తాగి ఉబ్బింది. అది తడిలో తిరిగే పంపు, నీళ్ళు అంతగా పీల్చని అసిటాల్ ప్లాస్టిక్ వాడదామని ఆర్డరిచ్చిన రోజే నేను చెప్పాను. "రెండూ తెల్లగానే ఉండాయి గదమ్మా" అని ఆయన నైలానే చేయమన్నాడు. వంకాయనైనా నొక్కి చూసి కొంటాడేమో గానీ, బుష్షుకు మాత్రం తెలుపు చాలు! జేబులో మూడు పెన్నులున్నాయి, పంపులో నీళ్ళుంటాయన్న తెలివి మాత్రం లేదు.

కొత్త ప్లాస్టిక్ ఏదొచ్చినా ముక్క కోసి, కొలిచి, చెంబు నీళ్ళలో వారం నానబెట్టి మళ్ళీ కొలిచేవాడివి. ఆ ఆర్డరు రోజు నేనూ నీ చెంబు తీశాను. "ఇంజినీరింగ్ చదివి చెంబు పరీక్షా?" అని ఆఫీసరు నవ్వాడు. నా చదువు మీద నాకే నమ్మకం తక్కువ కదా, సిగ్గుపడి చెంబు పక్కన పెట్టేశాను. తెలిసి తెలిసీ నైలాన్ లేతుకెక్కించాను. ఆయనకు తెలియదు సరే, నాకేమైంది?

"తప్పు మాదే సార్, కొలతలో కాదు" అన్నాను.

"మరి యాడుండాది?"

ఆయన ఎదుటే నైలానొకటి, అసిటాలొకటి, రెండు తెల్ల ముక్కలు కోసి, కొలిచి, నీ చెంబులో వేశాను. వారం తర్వాత రమ్మన్నాను.