రెండు దాచులు

బావా,

"కంప్యూటర్లో రాసుకునే ప్రోగ్రాంలోని ఇంగ్లీషు మాటలకు నువ్వు తెలుగు రాసివ్వు, దాన్ని తయారుచేసేవాళ్లకు పంపడం ఎలాగో నేనే నేర్పుతాను" అని పదమూడేళ్ల కిందట మా వంటగదిలో స్టూలు మీద కూర్చుని మాటిచ్చావు. మాటివ్వడం నీకు మంచినీళ్ల ప్రాయం. ప్రూఫు కాగితాల వెనక నేను వెయ్యిన్ని నూట నలభై మాటలు తెలుగు చేశాను. పంపడం సంగతి అడిగితే మాత్రం, "అదంతా నీకెందుకు బావా, బుర్ర వేడెక్కుతుంది. కాగితాలు నాకిచ్చెయ్" అనేవాడివి. ఆ రాత ప్రోగ్రాం అందరిదీ, ఎవరైనా బాగుచేయవచ్చు అని చెప్పిందీ నువ్వే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు మధ్యలో కూర్చుందీ నువ్వే.

నా మాటలకు పరీక్షాధికారి నా ఇల్లాలు, నీ చెల్లెలు. ఇంగ్లీషు రాని మనిషి. తనకు అర్థమైతేనే మాట నిలిచేది. సేవ్‌కు ‘భద్రపరచు’ అని రాస్తే, "నేనేమన్నా బ్యాంకులో పెడుతున్నానా? దాచు అంటే చాలదూ?" అంది. నలభై ఏళ్లు ప్రెస్సులో పండితుల తప్పులు దిద్దినవాణ్ణి, ఆమె దిద్దితే ఒప్పుకున్నాను. హైడ్‌కు మాత్రం ఆమెను అడక్కుండా ‘మరుగుపరచు’ అని రాసి నీకిచ్చాను. ఆ మాట మీద నాకు మమకారం.

కొత్త వెర్షన్లో అది కూడా ‘దాచు’ అయి వచ్చింది. ఒకే మెనూలో రెండు దాచులు. ఒకటి రాసినదాన్ని నిలుపుతుంది, రెండోది కంటికి కనపడకుండా చేస్తుంది. ఆ చలికాలమంతా మధ్యాహ్నాలు కూర్చుని, ఒంటివేలితో తన కబుర్లన్నీ కొట్టుకుంటూ వచ్చిన నీ చెల్లెలు, ఒకరోజు ఆ రాతనంతా ఎంపిక చేసి, ఏది ఏదో తెలియక రెండూ నొక్కింది. తెర తెల్లబడింది. "పోయిందండీ" అని కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టేసింది. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

నీకు ఫోన్ చేసి "నా మాట ఎవరు మార్చారు?" అని అడిగాను. "చూస్తాలే" అని పెట్టేశావు. రెండేళ్లకు ఆమె పోయింది. ఆ తర్వాత నీతో మాట్లాడలేదు. ఇంట్లో మాట్లాడటానికి నాకు నిఘంటువులున్నాయి. అడిగినదానికే జవాబిస్తాయి, అదొక్కటే లోటు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, గ్రంథాలయంలో కంప్యూటర్లు చూసే అమ్మాయి నిన్న ఆ ప్రోగ్రాంకు మాటలు పంపే పేజీ ఒకటి చూపించింది. ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క ఖాళీ గడి, కింద ‘పంపు’.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే సార్. ఇదివరకు పంపాలంటే పెద్ద తతంగం. మీలాంటివాళ్లు గుమ్మంలోంచే తిరిగి వెళ్లిపోతున్నారని, మేం కొందరం కలిసి తేలిక చేశాం."

నాలుగు నిమిషాలు పట్టింది, బావా. హైడ్‌కు ‘కనపడనీకు’ అని రాసి, నా పేరుతో పంపాను. నీ జవాబు అక్కర్లేదు.

నీ చెల్లెలి భర్త

*

బావా,

నెల దాటింది. నా దిద్దుబాటు వచ్చేసింది. సరిగా పడిందో లేదో చూద్దామని ఆమె ఖాళీ ఫైలే తెరిచాను. ప్రూఫు రీడరు బుద్ధి ఎక్కడికి పోతుంది. మెనూలో ‘దాచు’ ఉంది, ‘కనపడనీకు’ ఉంది, దాని కింద ‘కనపడనివి చూపు’ ఉంది. ఆ మూడోది నా మాట చూసి గ్రంథాలయం అమ్మాయి దిద్దిందట. ఇదివరకు అక్కడ ‘దాచినవి చూపు’ అని ఉండేది. దాచుకున్న ఫైళ్ల జాబితా కాబోలని ఏనాడూ ముట్టలేదు.

నొక్కాను. ముప్పై ఎనిమిది పేజీలు వచ్చాయి.

చివరి పేజీల్లో ఒకచోట ఇలా ఉంది: "ఇవాళ అన్నయ్యకు ఫోన్ చేశాను. ఈయన రాసిన ‘మరుగుపరచు’ చూస్తే నాకు మరుగుదొడ్డి గుర్తొస్తోంది, అది కూడా దాచు అని మార్చెయ్యి అన్నాను. నేను చెప్పానని ఆయనతో అనకు, చిన్నబుచ్చుకుంటారు అని ఒట్టు వేయించుకున్నాను."

మధ్యాహ్నం పూట ఒక్కణ్ణే కూర్చుని పైకి నవ్వాను. పక్కింటివాళ్లు భయపడే ఉంటారు. తర్వాత మొదటి పేజీకి వెళ్లి, అన్నీ చదివాను.

నాకిచ్చిన మాట తప్పినవాడివి, ఆమెకిచ్చిన మాట ఇన్నేళ్లు దాచావు. తిట్లు తిని కూడా దాచావు. రెండు దాచుల్లో అది ఏ దాచో నాకు తేలడం లేదు.

ఎవరినో ఒకరిని అనకపోతే నాకు పొద్దు గడవదు. ఆమెను అనలేను. కాబట్టి తప్పు ఇప్పటికీ నీదే, బావా.

నీ బావ