పధ్నాలుగో ప్రశ్న

ఫిల్మ్ నగర్,
మంగళవారం.

నాన్నా,

నా చేతిరాత చూసి కంగారు పడకు, ఒంట్లో బాగానే ఉంది. ఫోన్ చేస్తే మళ్లీ "తిన్నావా" దగ్గరే ఆగిపోతాం. అందుకే రాస్తున్నాను.

నేను జూబ్లీహిల్స్‌లో రైతుల బాగు కోసం పరిశోధన చేసే సంస్థలో ఉన్నానని నీకు తెలుసు. ఏ పార్టీతోనూ చుట్టరికం లేనివాళ్లం. ఊళ్లు తిరిగి అడుగుతాం, తేలింది రాస్తాం, వీడియోలు తీసి రైతులకే చూపిస్తాం. ఈసారి మిర్చి రైతుల ఆరోగ్యం మీద సర్వే. ప్రశ్నలు రాసింది నేనే. పధ్నాలుగోది: "వారానికి ఎన్నిసార్లు మందు కొడతారు?" నూటికి డెబ్బై మంది రెండు మూడు సార్లన్నారు. తాగుడుతో ఒళ్లు పాడు చేసుకుంటున్నారని రిపోర్టు రాసేశాను. ఊళ్లలో వైద్య శిబిరాలు కాదు, తాగుడు మాన్పించే శిబిరాలు కావాలని కూడా రాశాను. శుక్రవారం ప్రెస్‌మీట్.

నిన్న ఇక్కడి డబ్బింగ్ థియేటర్‌కి మా వీడియోకి గొంతివ్వడానికి మార్తమ్మగారు వచ్చారు. సినిమాల్లో ముసలమ్మల గొంతులు సగం ఆవిడవే. తెనాలి వైపు మనిషి. కాగితం చదువుతూ మైకు ముందే ఆగిపోయారు.

"ఏంటమ్మా, ఆడవాళ్లు కూడా వారానికి రెండుసార్లా?"

"సర్వేలో అలాగే వచ్చిందండీ."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! చేలో పురుగుమందు కొట్టడం గురించి చెప్పారే పిల్లా వాళ్లు!"

నవ్వొచ్చిందా నాన్నా? నాకు రాలేదు. ఆఫీసుకొచ్చి ఫారాలన్నీ తిరగేశాను. "కొట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుంటాను" అని ఒకామె చెప్పింది. ఆ మాట నేను ముందే చదివాను. చదివి కూడా తాగుడే అనుకున్నాను. ఎందుకో తెలుసా? నా పదో తరగతి పరీక్షలప్పుడు బాబాయ్ హాస్టల్‌కి ఫోన్ చేసి, "మీ నాన్న మందు కొట్టి చేలో పడిపోయాడే" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకున్నాను. "తల తిరిగిందమ్మా" అని నువ్వు ఎంత చెప్పినా వినలేదు. కాలేజీకి వస్తే తాగుబోతువని గేటు దగ్గర్నుంచే పంపేశాను. పదకొండేళ్లు నాన్నా. నన్ను చెప్పుతో కొట్టినా తప్పులేదు.

మా డైరెక్టర్ లీలాకుమారిగారికి అంతా చెప్పాను. "రెండు పార్టీలోళ్లు ఈ రిపోర్టు మీద కొట్లాడేందుకు రెడీగ ఉన్నరు. ఇప్పుడు తప్పంటే మనల్ని ఎవరు నమ్ముతరు? అయినా ఆపుతా. తప్పు నాదని నువ్వే రాసియ్యాలె. జర ఆలోచించుకో" అన్నారు. రాసిస్తాను, ఉద్యోగం పోతే పోనీ. అందులో నీ గురించి కూడా రాస్తాను. మా నాన్న చుక్క ముట్టని మనిషి, ఆయన్ని పడేసింది పురుగుమందే అని. నువ్వు సరేనంటే చాలు.

నీ
మనోజ్ఞ

---

బుధవారం.

చిట్టితల్లీ,

హైదరాబాద్ బస్సు డ్రైవరు తెచ్చిచ్చిన నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దీన్నీ ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను, శుక్రవారంలోపు నీకు అందాలి.

బాబాయిని ఏమీ అనకు, వాడు చెప్పింది చేలో మందు గురించే. తప్పు రాసివ్వు. కానీ నా గురించి అలా రాయొద్దు. ఆ రోజు పొద్దున్నుంచీ ముఖానికి గుడ్డయినా లేకుండా కొట్టాను. మధ్యాహ్నానికి కళ్లు మసకలు, చేతులు ఒకటే వణుకు. పక్క చేనువాళ్లు సారా ఇచ్చి, "ఓ గుక్కెయ్ రాఘవయ్యా, విరుగుడు" అన్నారు. గుక్కతో ఆపలేదు, గ్లాసు తాగాను. ఆ తర్వాతే పడ్డాను. నీకు చెప్పడానికి సిగ్గేసింది. గేటు దగ్గర నువ్వన్నది సగం నిజమేగా అని నోరు మూసుకుని వచ్చేశాను. బస్సులో ఏడ్చాను కూడా. నువ్వు ఒక్కదానివే తప్పు చేశావనుకోకు.

ఏ పార్టీతోనూ చుట్టరికం లేదన్నావు. మరి నాన్న చుట్టరికం మాత్రం ఎందుకమ్మా లెక్కలో? ఇక్కడ ఇప్పటికీ ఒళ్లు తూలితే ఆ విరుగుడే తాగుతున్నారు. నా మంచితనం కోసం నువ్వది దాచిపెడితే ఇంకొకడు పడిపోతాడు. పధ్నాలుగో ప్రశ్నని రెండు చెయ్యి. చేలో ఎన్నిసార్లు కొడతారు, కొట్టాక ఒంట్లో బాగోకపోతే ఏం తాగుతారు అని విడివిడిగా అడుగు. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ముందు మనింటికి రా. మొదటి ఫారం నాదే. పేరు పూర్తిగా రాసుకో, ఏదీ దాచను.

మీ నాన్న,
వీరరాఘవయ్య