ఉమ చేపకు తోడు

గిద్దలూరు,
బుధవారం.

చిరంజీవి సౌభాగ్యవతి ఉమకు, నీ అత్త వీరమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేను, నీ మొగుడు, గొర్రెలు అందరం బాగుండాం. నువ్వు ఆ పోలీసు ట్రైనింగులో వేళకు తింటాండావని తలుస్తాను. ఆదివారం వాళ్ళు ఫోనిచ్చే పది నిమిషాలు నీ మొగుడికే చాలవు. అందుకే ఈ జాబు.

పోయిన జాబులో నా మోకాళ్ళ గురించి ఒక ముక్క, మీ అన్న ఓబులేసు నీకిచ్చిన సముద్రపు చేప గురించి ఒక పేజీ అడిగినావు. సరే, చెప్తా. తొట్టిలో నీళ్ళు తగ్గితే నువ్వు గీసిన గీత దాకా క్యాన్ నీళ్ళే పోస్తాండా. ఉప్పు వేయలేదు. నీళ్ళు ఆవిరైనా ఉప్పు లోపలే ఉంటదని నాలుగుసార్లు చెప్పిపోయినావు, నాకేం మతిమరుపు లేదు. మేత పొద్దున ఒక చిటికె, సాయంత్రం ఒక చిటికె. నా పెళ్ళిలో నాకు కూడా ఇన్ని మర్యాదలు జరగలేదు.

ఒకనాడు అది రాయి కింద తలకిందులుగా కనపడితే చచ్చిందనుకొని ఓబులేసుకు ఫోన్ చేసి ఏడ్చినా. చెన్నైలో రంగుచేపల షాపులో పనిచేస్తాండాడు గదా, నవ్వినాడు. "అది తలపైనుండే రాయినే నేల అనుకుంటది అత్తా, దాని పద్ధతే అంత" అన్నాడు.

ట్రైనింగ్ అయినాక మన పక్క పోర్షన్‌లో వేరే పొయ్యి పెట్టుకుంటామని రాసినావు. అది చదివి రెండు రోజులు నీ మొగుడితో మాట్లాడలేదు. ఆ సంగతి చివర్లో రాస్తా.

ముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాల. మంద నుంచి విడిపోయిన గొర్రె మేత ముట్టదు. నీ చేప కూడా ఒంటరిగా రాయిలో దాక్కుంటాంటే బెంగ పెట్టుకుందనుకున్నా. అచ్చం దీనిలాంటిదే, ముందు సగం వంకాయ రంగు, వెనక సగం పసుపు, ఇంకోటి పంపమని ఓబులేసును అడిగినా. "వద్దత్తా, అది ఎవురి జోలికీ పోదు గానీ తన జాతిదాన్ని మాత్రం ఓర్చుకోదు" అన్నాడు. "జీవాల సంగతి నాకు చెప్పొద్దు నాయనా, ముప్పై ఏండ్లు మేపినా" అన్నా. ఉమకు తెలుసా అని వాడడిగితే తెలుసని అబద్ధమాడినా, పంపినాడు.

తొట్టిలో వదిలినానో లేదో, రెండూ ఎదురెదురుగా నిలబడి నోళ్ళు ఇంతింత తెరిచినాయి. చారులో ఉప్పు కాడ నువ్వూ నేనూ నిలబడినట్టే. సాయంత్రానికి నీ చేప తోక చీలింది. నా పానం పోయినంత పనైంది. నువ్వొచ్చి అడిగితే ఏం మొగం పెట్టుకోవాల? గొర్రెల దొడ్డికి తడకలు కట్టిన చెయ్యి గదా, ప్లాస్టిక్ జాలీ తెప్పించి తొట్టి మధ్యలో బిగించినా. మర్నాటికి రెండూ మేతకొచ్చినాయి. పది రోజులైంది, తోక అతుక్కుంటాంది. చెరొక రాయి ఉంది, అయినా తినేది మాత్రం జాలీ కాడికొచ్చి, ఒకదాన్నొకటి చూసుకుంటానే.

ఉమా, నువ్వు లేక ఇల్లు బోసిపోయింది. వంక పెట్టే మనిషి లేక నా చారు నాకే రుచించడం లేదు. పక్క పోర్షన్‌కు సున్నం కొట్టిస్తాండా. పొయ్యి వేరే పెట్టుకో. మధ్య గోడలో ఉండే తలుపు మాత్రం తీసేసి గోడ కట్టించను.

దానికి గడియ నీ వైపే పెట్టించినా. నేను తట్టే వస్తాను.

ఇట్లు,
నీ అత్త
వీరమ్మ