దళవాయి వేషం

చిలమత్తూరులో ఉన్న బామ్మర్ది బయ్యన్నకు,

యాడికి నుంచి మీ బావ రాస్తున్నాను. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు గనుక కాగితం పట్టవలసి వచ్చింది.

ఆదివారం మన నాటకం. ఫ్లెక్సీలో నీ ఫొటో కింద ‘దళవాయి’ అని వేయమంటే అచ్చువాడు ‘దళారి’ అని వేశాడు. సైన్యాధిపతిని దళవాయి అంటారని అతనికి తెలియదు. నువ్వు చెనిక్కాయల వ్యాపారంలో నిజంగానే దళారివి కావడంతో, ఎగతాళి చేశామని అలిగి వెళ్ళిపోయావు. కావాలని ఎవరూ చేయలేదు. ఆ అక్షరాల మీద కొత్త కాగితం అంటించాం. “ఏమప్పా, ఉన్న మాటే కదా, ఉండనీ” అని మన హార్మోనియం హనుమంతరాయుడు అన్నాడు గానీ, అది నువ్వు పట్టించుకోవద్దు.

ఆ వేషం నీకే కుదురుతుంది. రాజు బావమరిది కాబట్టే కొలువు దొరికిందని అందరూ నవ్వినవాడు, కోటను కాపాడి దళవాయి అవుతాడు. చివరికి మంత్రి అయి శత్రువుతో సంధి కుదురుస్తాడు. బేరం కుదుర్చడం నీకంటే ఎవరికి వచ్చు? తప్పుగా అనుకోవద్దు.

నువ్వు రావేమోనని మీ అక్కతో అన్నాను. “వాణ్ని ఆడే ఉండమను. వాని పద్యాలన్నీ నాకు నోటికొచ్చు. దళవాయి నేనే కడతా” అంది. నిన్న మీసం అంటించుకుని రిహార్సల్‌కు వచ్చింది. జనం ఈలలు వేశారు. బాగానే చేసింది.

అయితే రాజు వేషం నాది. రెండో అంకంలో నిండు సభలో నేను దళవాయిని గట్టిగా మందలించాలి. నిన్న నోరు తెరిచాను గానీ మాట రాలేదు.

శనివారం పొద్దుటి బస్సుకే వచ్చెయ్.

మీ బావ